పాత కారు బ్రేకులు: ఎక్కడ పొదుపు, ఎక్కడ కాదు

పదిహేడేళ్ల కారును అమ్మకానికి పెడితే లక్ష రూపాయలు రావడం కష్టం. అలాంటి కారు బ్రేకులకు రూ.14,600 అవుతుందని ఒక సర్వీసు కేంద్రం ఎస్టిమేటు రాసి చేతిలో పెడితే ఎవరికైనా రెండే ఆలోచనలు వస్తాయి. కారు వదిలించుకోవడం ఒకటి. ఆటోనగర్‌లో ఎవరో ఒకరి దగ్గర రెండు వేలలో పని కానిచ్చేయడం రెండోది. మన సిబ్బంది ఇళ్లలో పాత ఆల్టోలు, వ్యాగనార్‌లు, శాంత్రోలు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. అందుకే ఈ రెంటికీ మధ్యలో ఉన్న దారి గురించి రాస్తున్నాను.

మాది 2008 ఆల్టో. పదిహేనేళ్లు నిండాక 2023లో ఐదు వేలు రుసుము కట్టి రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాం. ఇంజిన్ బాగుంది, బండి మైలేజీ ఇస్తోంది, ఊళ్లో తిరగడానికి ఇంతకంటే సులువైనది లేదు. ఇంతవరకు బ్రేకుల గురించి అంతగా పట్టించుకోవాల్సిన అవసరం రాలేదు. విశాఖలో ఇంటి నుంచి బ్రాంచికి వెళ్లే దారిలో నలభై వేగం దాటితే గొప్ప. ఈ ఏడాది మా అమ్మాయికి పాడేరు పోస్టింగు వచ్చింది. కారు తనతో పంపాలి. ఘాట్ రోడ్డు అనగానే బ్రేకుల లెక్క మారిపోయింది.

మన బ్యాంకుల్లో ఒక అలవాటు ఉంది. తరుగుదల పూర్తయిన బల్లలు, బీరువాలు పుస్తకాల్లో ఒక్క రూపాయి విలువతో కొనసాగుతుంటాయి. ఆ రూపాయి బీరువాకి తాళం పాడైతే ‘రూపాయి బీరువాకి ఇంత తాళమా’ అని ఎవరూ అడగరు, లోపలున్న వాటిని చూసి తాళం వేస్తారు. కారు బ్రేకుకి కూడా అమ్మకం ధరతో సంబంధం లేదు. అలాగని ఎస్టిమేటులో ఉన్నదంతా కట్టేయాలనీ కాదు. ఆ కాగితాన్ని ఒక్కో పద్దుగా విడగొట్టి చూడాలి, రుణ దరఖాస్తును చూసినట్టే.

వేడిని మోసే పని

బ్రేకు బండిని ఆపుతుంది అంటాం గానీ నిజానికి అది బండి వేగంలోని శక్తిని వేడిగా మారుస్తుంది. ఆల్టో బరువు, నలుగురు మనుషుల బరువు కలిపి వెయ్యి కిలోలు అనుకుందాం. గంటకు 80 కి.మీ. వేగంలో దాని గతిశక్తి సుమారు 247 కిలోజౌళ్లు. ఇంట్లో భాషలో చెప్పాలంటే, ముప్పై డిగ్రీలున్న నీళ్లు ముప్పావు లీటరుకి పైనే మరిగించేంత వేడి. బండిని ఒక్కసారి ఆపడానికి అంత. వేగం సగమై నలభైకి వస్తే వేడి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. ఊళ్లో బాగానే ఉన్న బ్రేకులు హైవే మీద చాలకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఘాట్ మీద పరిస్థితి వేరు. పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అందులో 700 మీటర్లు దిగినా ఆ వెయ్యి కిలోల బండి వదిలించుకోవాల్సిన శక్తి, ఎనభై వేగం నుంచి దాదాపు 28 సార్లు ఆపినంత. కొంత గాలికి, కొంత ఇంజిన్‌కు పోతుంది. మిగిలిందంతా ముందు చక్రాల డిస్కులూ ప్యాడ్లూ, వెనక చక్రాల డ్రమ్ములూ షూలూ మోయాలి. ఆ వేడి ప్యాడ్ల దగ్గర ఆగదు, కాలిపర్‌లోని పిస్టన్ ద్వారా బ్రేక్ ఆయిల్‌కి చేరుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆయిల్ దగ్గరికి వచ్చినప్పుడు అవసరమవుతుంది.

ముందు కొలత, తర్వాత కొనుగోలు

మాకిచ్చిన ఎస్టిమేటులో ముందు ప్యాడ్లు, రెండు డిస్కులు, వెనక షూలు, రెండు డ్రమ్ములు, రెండు వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, మజూరీ ఉన్నాయి. అంటే దాదాపు మొత్తం వ్యవస్థ. ఎందుకు మార్చాలి అని అడిగితే వచ్చిన జవాబు ‘పాత బండి కదా మేడమ్’ అని. కొలత ఒక్కటీ లేదు. బ్రేక్ ఆయిల్, రబ్బరు పైపుల మాట అసలే లేదు.

గాజువాక ఆటోనగర్‌లో మాకు తెలిసిన మెకానిక్ దగ్గర నాలుగు చక్రాలూ విప్పించి, నా ఎదురుగానే వెర్నియర్ కాలిపర్‌తో కొలిపించాను. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు వెర్నియర్ చాలు. మా పిల్లలు ఇంటర్‌లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి వాడినదే అది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరే ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ డబ్బు మిగిల్చింది.

డిస్కు మీద, సాధారణంగా అంచున గానీ మధ్య టోపీ భాగం మీద గానీ, కనీస మందం ఎంతో ముద్ర వేసి ఉంటుంది. తుప్పు పట్టి కనిపించకపోతే వైరు బ్రష్షుతో గీకితే బయటపడుతుంది. అరిగిన డిస్కుకి అంచున గట్టు ఏర్పడుతుంది, కాబట్టి ఆ గట్టును కాకుండా ప్యాడు రాసుకునే చోటే కొలవాలి. మా డిస్కులు కనీస మందం కన్నా ఇంకా ఒకటిన్నర మి.మీ. ఎక్కువే ఉన్నాయి. పగుళ్లు లేవు, వేడికి నీలం రంగు తిరగలేదు, బ్రేకు వేస్తే స్టీరింగ్ వణకడం లేదు. డ్రమ్ముకి ఇది తలకిందులు. అరిగేకొద్దీ లోపలి వ్యాసం పెరుగుతుంది కాబట్టి దాని మీద గరిష్ఠ వ్యాసం ముద్ర ఉంటుంది. అవీ హద్దులోనే ఉన్నాయి. అంటే ఎస్టిమేటులో పెద్ద పద్దులైన డిస్కులు, డ్రమ్ములు రెండూ అక్కడే కొట్టివేత.

ప్యాడ్ల కథ వేరు. ఎడమ చక్రంలో బయటి ప్యాడు ఆరు మి.మీ. ఉంటే లోపలి ప్యాడు మూడే ఉంది. ఒకే చక్రంలో రెండు ప్యాడ్లు ఇలా వేరువేరుగా అరిగితే తప్పు ప్యాడ్లది కాదు. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే గైడ్ పిన్నులు బిగుసుకుపోయాయని అర్థం. మాది సముద్రపు గాలి తగిలే వీధి, పిన్నులు తుప్పు పట్టడం మామూలే. ఇది చూడకుండా కొత్త ప్యాడ్లు వేస్తే, ఎంత ఖరీదైనవైనా మళ్లీ అలాగే అరుగుతాయి. పిన్నులు తీసి శుభ్రం చేసి, రబ్బరు తొడుగులు మార్చి, బ్రేకులకని ప్రత్యేకంగా అమ్మే సిలికాన్ గ్రీజు రాస్తే సరిపోయింది. మామూలు గ్రీజు రాయకూడదు, అది ఆ రబ్బరును ఉబ్బిస్తుంది.

వెనక వీల్ సిలిండర్ల రబ్బరు టోపీ అంచును కాస్త ఎత్తి చూస్తే లోపల తడి కనిపించింది, రెండు వైపులా. తడి ఉందంటే లీకు మొదలైందని. ఇవి మార్చాల్సిందే. కారిన ఆయిల్ షూల మీద పడితే వాటిని కడిగినా, గరుకు కాగితం పెట్టి రుద్దినా పనికిరావు.

మాస్టర్ సిలిండర్‌కి చక్రాలు విప్పనక్కర్లేని పరీక్ష ఒకటి ఉంది. ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను స్థిరంగా నొక్కి ఒక నిమిషం పట్టుకోండి. బయట ఎక్కడా లీకు లేకుండానే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయినట్టు. ఇంకో పరీక్ష బూస్టర్‌ది. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు నొక్కి వదిలి, ఆ తర్వాత నొక్కి పట్టుకుని స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి జారాలి. జారకపోతే బూస్టర్‌నో, దాని వాక్యూమ్ పైపునో చూపించాలి. ఈ రెండు పరీక్షలూ ఇంట్లో ఎవరైనా రెండు నిమిషాల్లో చేయొచ్చు. కారు నడిపేది ఎవరో వాళ్లకే నేర్పడం మంచిది. మా ఇంట్లో అమ్మాయి చేత చేయించాను. మాస్టర్ సిలిండర్ బాగానే ఉంది. ఇంకో పద్దు కొట్టివేత.

ప్యాడ్లు: పెట్టె మీద పేరు, పెట్టెలో సరుకు

కారు కంపెనీలు సాధారణంగా ప్యాడ్లు, షూలు తామే తయారు చేసుకోవు. బ్రేకు సామాను చేసే సంస్థల దగ్గర తయారు చేయించుకుని తమ పెట్టెలో, తమ హోలోగ్రామ్‌తో అమ్ముతాయి. దేశంలో ఈ పనిలో పాతుకున్న సంస్థలు కొన్ని ఉన్నాయి. 1962లో మొదలైన చెన్నై సంస్థ బ్రేక్స్ ఇండియా సామాను టీవీఎస్ గిర్లింగ్, టీవీఎస్ అపాచీ పేర్లతో దొరుకుతుంది. రాణే బ్రేక్ లైనింగులదీ చెన్నైయే, హైదరాబాదులోనూ వాళ్ల ఫ్యాక్టరీ ఉంది. బాష్ లాంటి పెద్ద పేర్లూ ఉన్నాయి. వీటిలో దేని ప్యాడ్లయినా కారు కంపెనీ పెట్టెలో దొరికే వాటికన్నా సాధారణంగా తక్కువ ధరకే వస్తాయి. నా ఉద్దేశంలో పాత కారుకి పొదుపు చేయాల్సిన సరైన చోటు ఇదే: కారు కంపెనీ పెట్టె వదిలి, పేరున్న బ్రేకు తయారీదారు సొంత పెట్టె తీసుకోవడం.

అయితే ‘కంపెనీకి సప్లై చేసేది వీళ్లే, పెట్టె ఒక్కటే తేడా’ అని షాపులో చెప్పే మాటను పూర్తిగా నమ్మకండి. ఒకే సంస్థ కారు కంపెనీకి ఒక మిశ్రమంతోనూ, బజారుకి మరో మిశ్రమంతోనూ ప్యాడ్లు చేయొచ్చు. అది మోసం కాదు. కాబట్టి సంస్థ పేరుతో పాటు మన కారు మోడల్‌కి సరిపడే పార్టు నంబరు, ప్యాడు మీద బ్యాచి నంబరు ఉన్నాయా అన్నది చూడాలి.

కొన్ని ప్యాడ్ల అంచున గానీ వెనక పలక మీద గానీ పొడవైన కోడ్ చివర ఇంగ్లీషు అక్షరాలు రెండు ఉంటాయి. అవి ఘర్షణ ఎంతో చెప్పే గుర్తులు. మొదటిది మామూలు వేడిలో, రెండోది ఎక్కువ వేడిలో. ‘ఈ’ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జీ’ అంటే 0.45 నుంచి 0.55. ‘ఎఫ్‌ఎఫ్’ అని ఉంటే చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కినప్పుడూ పట్టు ఒకే శ్రేణిలో ఉంటుందని. ‘ఎఫ్‌ఈ’ అయితే వేడెక్కాక పట్టు తగ్గుతుందని. ఘాట్‌కి వెళ్లే బండికి రెండో అక్షరమే ముఖ్యం. అక్షరం పెద్దదైతే ప్యాడు గొప్పదని మాత్రం కాదు. ఎంత కాలం మన్నుతుంది, చప్పుడు చేస్తుందా, డిస్కును ఎంత తింటుంది అన్నవి ఈ కోడ్ చెప్పదు.

ఇక రకాలు. ఆస్బెస్టాస్ లేకుండా నారలు, రెసిన్లు కలిపి చేసే ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తగా పట్టుకుంటాయి, చప్పుడు తక్కువ, డిస్కును తక్కువ తింటాయి. లోహపు పొడి ఎక్కువగా ఉండే సెమీ మెటాలిక్ ప్యాడ్లు వేడిని బాగా తట్టుకుంటాయి గానీ కాస్త కీచుమంటాయి, డిస్కును త్వరగా అరగదీస్తాయి. సిరామిక్ రకంలో దుమ్ము తక్కువ, ధర ఎక్కువ. ఆల్టో లాంటి తేలిక బండికి కారుతో వచ్చిన రకమే సరిపోతుంది. ‘స్పోర్ట్స్’ అని రాసిన గట్టి ప్యాడ్లు అమ్మజూపితే వద్దనండి. అలాంటివి వేడెక్కితే గానీ సరిగ్గా పట్టవు. వానాకాలం పొద్దున్నే కాలనీ మలుపులో మొదటి బ్రేకు వేసేటప్పుడు అవి వేడిగా ఎక్కడుంటాయి?

అన్నిటికన్నా చవకగా దొరికే, తయారీదారు చిరునామా లేని పెట్టె సంగతి. నాకు చూపించిన ఒక సెట్ ధర మంచి సెట్‌లో సగం కూడా లేదు. ప్యాడు అంచు గోటితో గీస్తే పొడి రాలింది, పలకకి ప్యాడుకి మధ్య సన్నని సందు కనిపించింది. చప్పుడు తగ్గించే పలుచని షిమ్ రేకు లేదు, ప్యాడు అరిగినప్పుడు కీచుమని హెచ్చరించే ఇనుప నాలుక లేదు. మిగిలేది కొన్ని వందలు. మధ్యలో ప్యాడు పలక నుంచి ఊడితే ఆ చక్రానికి బ్రేకు ఉండదు. ఇది పొదుపు కిందకి రాదు.

షూల విషయంలో ఒక్క మాట. పాత షూలకే కొత్త లైనింగ్ అతికించి ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లారీలకు రివెట్లు కొట్టి లైనింగ్ మార్చడం నిత్యం జరిగే పని, అందులో ఆరితేరిన వాళ్లూ ఉన్నారు. చిన్న కారు షూలు కొత్తవే పెద్ద ధర కావు కాబట్టి నేను కొత్తవే తీసుకున్నాను. ప్యాడ్లయినా షూలయినా ఎడమ, కుడి రెండు చక్రాలకూ కలిపి నాలుగూ ఒకేసారి, ఒకే పెట్టెలోవి వేయాలి. ఒక వైపు కొత్తవి, మరో వైపు పాతవి వేస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి లాగుతుంది.

ఆయిల్, రబ్బరు: ఎస్టిమేటులో లేని పద్దులు

నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఇదే. మొత్తం సామానులో చవకైనది బ్రేక్ ఆయిల్. అందరూ మరిచిపోయేదీ అదే. అది తగ్గితే పోస్తారు గానీ, పాతబడితే మార్చాలన్న సంగతి పట్టించుకోరు.

మనం ఆయిల్ అంటాం గానీ డాట్ 3, డాట్ 4 రకాలు నూనెలు కావు. వాటికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. ఘాట్ దిగుతూ కాలు బ్రేకు మీదే ఉంచితే ఆ వేడికి నీరు చేరిన ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అప్పుడు పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు. చల్లారాక మళ్లీ అంతా మామూలే, మెకానిక్‌కి చూపిస్తే ఏ లోపమూ దొరకదు. కోస్తా ఊళ్ల తేమలో ఏళ్ల తరబడి నిలిచిన కారుకి, బదిలీల వల్ల నెలల తరబడి షెడ్డులో ఉండిపోయే మన సిబ్బంది కార్లకి ఇది మరీ వర్తిస్తుంది. కారు తిరగకపోయినా ఆయిల్ పాతబడుతూనే ఉంటుంది.

ఏ రకం వాడాలో ఆయిల్ డబ్బా మూత మీదే ముద్రించి ఉంటుంది. డాట్ 3 అని ఉన్న బండికి డాట్ 4 వేయొచ్చు. పేరులో అంకె పెద్దది కదా అని డాట్ 5 వేయకూడదు, అది సిలికాన్ జాతి, వీటితో కలవదు. డాట్ 5.1 మళ్లీ గ్లైకాల్ జాతే. పేర్లు పెట్టినవాళ్లు మనల్ని ఇలా ఇబ్బంది పెట్టకుండా ఉండాల్సింది. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ లాంటివి పొరపాటున కొన్ని చుక్కలు పడినా బ్రేకు రబ్బర్లన్నీ ఉబ్బి పాడవుతాయి. సీలు ఉన్న చిన్న డబ్బా కొనండి. మెకానిక్ అల్మారాలో సగం వాడి మూత పెట్టిన డబ్బా అప్పటికే తేమ పీల్చుకుని ఉంటుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చడం మంచి లెక్క. మా కారులోంచి తీసింది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

రబ్బరు పైపులు రెండోది. బాడీ నుంచి ముందు చక్రాలకి వెళ్లే హోస్ పైపును వంచి చూస్తే పైన సన్నని పగుళ్లు కనిపిస్తాయి. అవి లేకపోయినా లోపల ఉబ్బి దారి మూసుకుపోవచ్చు. అప్పుడు నొక్కిన బ్రేకు వదిలినా ఆ చక్రం వెంటనే వదలదు, డిస్కు వేడెక్కుతుంది. పదిహేడేళ్ల పైపులకు పరీక్షలు అనవసరం అనిపించి ముందువి రెండూ మార్పించాను. వీల్ సిలిండర్లు, పైపులు, సీళ్ల విషయంలో నా అభిప్రాయం గట్టిది: ఇక్కడ కారు కంపెనీదో, పేరున్న బ్రేకు సంస్థదో తప్ప ఇంకేదీ వద్దు. పాత సామాన్ల మార్కెట్‌లో విప్పి అమ్మేవి అసలే వద్దు. పాత బండి తలుపు, లైటు, సీటు తెచ్చుకోండి. ఇంకొకరి బండిలో పదేళ్లు పనిచేసిన రబ్బరును డబ్బిచ్చి కొనడం ఎందుకు?

షాపులో

విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్, చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డు, బెంగళూరు జేసీ రోడ్డు, ఢిల్లీ కశ్మీరీ గేటు... మనవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నా దగ్గర్లో ఇలాంటి స్పేర్ పార్ట్స్ బజారు ఒకటి ఉంటుంది. వెళ్లేటప్పుడు ఆర్‌సీ ఫొటో, ఛాసిస్ నంబరు, విప్పిన పాత పార్టు తీసుకెళ్లండి. ‘ఆల్టో ప్యాడ్లు’ అంటే చాలదు. ఒకే పేరుతో వచ్చిన కారులో ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి కాలిపర్ మారి ఉండొచ్చు. పాతదాని మీద కొత్తది పెట్టి చెవులు, గాడులు సరిపోయాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి.

పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకి సంప్రదించాల్సిన వివరాలు ఉండాలి. ఇది ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం తప్పనిసరి. కంపెనీ హోలోగ్రామ్ ఉన్నంత మాత్రాన నమ్మకండి, నకిలీ పెట్టెలకీ మెరిసే స్టిక్కరు ఉంటుంది. పెట్టె మీది పార్టు నంబరు, లోపలి పార్టు మీది నంబరు ఒకటేనా చూడండి. అక్షరాల అచ్చు, స్పెల్లింగు చూడండి. సంతకాలు పోల్చి చూసే అలవాటున్న మనకి ఇది కష్టం కాదు.

బిల్లు అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాబట్టి అంతకుముందు ముద్రించిన ధర చూపించి అదే మొత్తం తీసుకోబోతే అడిగే హక్కు మనకుంది. ‘బిల్లు లేకుండా అయితే ఇంకా తగ్గిస్తాను’ అంటే, రేపు ప్యాడు ఊడితే ఎవరిని అడగాలో ఆలోచించండి. ఆన్‌లైన్‌లో కొనడం తప్పు కాదు గానీ అమ్మేది ఎవరో, వెనక్కి తీసుకుంటారో లేదో చూసి, పార్టు నంబరుతోనే వెతకండి. కారు పేరుతో వెతికితే ‘అన్ని మోడళ్లకూ సరిపోతుంది’ అనే సరుకు ముందు వస్తుంది.

చివరికి మాకు అయింది ఇది: ప్యాడ్లు 850, షూలు 800, వీల్ సిలిండర్లు రెండూ 900, ముందు హోస్ పైపులు రెండూ 700, ఆయిల్, గ్రీజు 400, మజూరీ 1,500. మొత్తం రూ.5,150. ఊరిని బట్టి, మోడల్‌ను బట్టి ఈ అంకెలు మారతాయి. చూడాల్సింది మొత్తాన్ని కాదు, ఎస్టిమేటులో ఉన్న ఏవి పోయాయో, లేని ఏవి వచ్చాయో.

బిగించేటప్పుడు, ఆ తర్వాత

మంచి సామాను చెడ్డ చేతిలో పడితే ఫలితం ఉండదు. పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడితే మెకానిక్‌లు ఏమీ అనుకోరు, మనం గొణగనంతవరకు. డ్రమ్ము విప్పగానే లోపలి దుమ్మును గాలి పైపుతో ఊదడం చాలాచోట్ల అలవాటు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది ఊపిరితిత్తులకి చేటు. ఊదవద్దని చెప్పి, నీళ్లతో తడిపి తుడవమనండి. ఇది ఆ కుర్రాడి కోసం కూడా. కొత్త ప్యాడ్లు పెట్టడానికి పిస్టన్‌ను వెనక్కి నెట్టినప్పుడు పైన ఆయిల్ డబ్బా పొంగొచ్చు, ఆ ఆయిల్ పెయింటును తినేస్తుంది, పడితే వెంటనే నీళ్లు పోయాలి. గాలి తీయడం ఒక్క చక్రానికి చేసి వదలకుండా నాలుగింటికీ, శుభ్రమైన ఆయిల్ బుడగల్లేకుండా వచ్చేదాకా చేయించాలి. షూలు మార్చాక హ్యాండ్ బ్రేకు మళ్లీ సర్దించాలి.

ముఖ్యమైన సంగతి. ప్యాడ్లు మార్చాక బండి కదిలించే ముందే పెడల్‌ను గట్టిపడేదాకా పలుమార్లు నొక్కాలి. మొదటి నొక్కుకి అది నేలదాకా వెళ్తుంది, పిస్టన్లు ముందుకి వచ్చి ప్యాడ్లను తాకాకే బ్రేకు పడుతుంది. ఇది తెలియక షెడ్డులోంచి బయటికి తీస్తూనే ఎదుటి గోడకి తగిలించిన బండ్లు ఉన్నాయి. తర్వాత ఖాళీ రోడ్డు మీద ఇరవై వేగంలో బ్రేకు వేసి చూడాలి. బండి ఏ వైపుకైనా లాగితే అక్కడి నుంచే వెనక్కి తిప్పాలి.

కొత్త ప్యాడ్లు డిస్కుకి పూర్తిగా పొందడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది. ఆ లోపల గట్టి బ్రేకులు వీలైనంత తగ్గించి, మెత్తగా ఎక్కువసార్లు వేస్తూ పోవాలి. అందుకే కారును నేరుగా ఘాట్ ఎక్కించకుండా రెండు వారాలు భీమిలి రోడ్డు మీద, ఊళ్లో తిప్పించి పంపాను. దిగేటప్పుడు రెండో గేరులోనే, అవసరమైతే మొదటి గేరులో, ఇంజిన్ పట్టు మీద దిగాలి. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచకుండా, వేసి వదిలి, వేసి వదిలి దిగితే ప్యాడ్లకి చల్లారే సమయం దొరుకుతుంది. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దిగేవాళ్లు ఉన్నారు. ఇంజిన్ ఆగితే బూస్టర్‌కి వాక్యూమ్ అందదు, రెండు మూడు నొక్కుల తర్వాత పెడల్ రాయిలా అవుతుంది. దారిలో కాలిన వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా, వెడల్పు చోటు చూసి ఆపి అరగంట ఆగాలి. డిస్కుల మీద నీళ్లు పోయకూడదు, పగులుతాయి.

బానెట్ లోపలి వైపు ఒక కాగితం అతికించాను. దాని మీద ఆయిల్ మార్చిన తేదీ, రెండేళ్ల తర్వాత మళ్లీ మార్చాల్సిన తేదీ, ఆ రోజు కొలిచిన డిస్కు మందం, ప్యాడు మందం రాసి ఉన్నాయి. పాడేరులో ఏ మెకానిక్ బానెట్ ఎత్తినా ముందు అది కనిపిస్తుంది.